కొలత ఎవరిది? పరదేశమున మనవారి కుట్టుబట్టల చరిత్ర

ఉగాదియో, దీపావళియో, ఇంట వివాహమో సమీపించినప్పుడు మన కుటుంబములలో దర్జీ ప్రసంగము తప్పక వచ్చును. బట్ట ఎన్ని గజములు పట్టును, కూలి యెంత, ఏ నాటికి కుట్టి యిచ్చును, ఇచ్చిన మాట నిలుపునా యని పెద్దలు విచారింతురు. ఇది అందరికిని తెలిసిన వ్యవహారమే గనుక దీనికొక చరిత్ర యుండునని మనకు తోచదు. కాని మన పూర్వులు ఈ నేటాల్ గడ్డపై అడుగిడిన నాటినుండి చూచినచో, ఒక సామాన్యుడు దర్జీ యెదుట నిలిచి, తన యొడలి కొలత ఇచ్చి, తనకు నచ్చిన దుస్తును తన సొమ్ముతో కుట్టించుకొనుట ఎంత కాలమునకు గాని సిద్ధింపలేదని తెలియగలదు. ఆ చరిత్రను సంగ్రహముగా చదువరుల ముందుంచుట మా ఉద్దేశము.

మన పూర్వులలో పెక్కురు గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వచ్చినవారు. ఆ సీమలలో పొలము పని చేయువాని దుస్తులకు దర్జీతో పని తక్కువ. పంచెయు, పై గుడ్డయు, తలపాగయు, ఆడువారి చీరయు మగ్గమునుండి దిగినవి దిగినట్లే కట్టుకొనదగినవి. వానిని మూరలతో కొలుతురే గాని మనిషిని కొలువరు. కట్టువాడు పొడవైనను పొట్టియైనను కుచ్చెళ్ళలో సరిపెట్టుకొనును. కుట్టుబట్ట మన దేశమునకు క్రొత్తది యనుట కాదు. అంగీలు, రవికలు ఎన్నడో కలవు. కుట్టుపనియే వృత్తిగా గల మేరవారును కలరు. ఐనను కూలినాలి చేసికొను వానికి కుట్టుబట్ట నిత్యావసరము కాదు. ఓడ యెక్కిన పిమ్మటనే అది అతని జీవితములో ముఖ్యమైనది.

ఆ కుట్టుబట్ట మొదట ఎట్లు వచ్చినదో చూతము. 1834 సెప్టెంబరులో కలకత్తా నగరమున 36 మంది కొండకూలీలు మారిషసు దీవి చెఱకు తోటలకు పోవుటకై ఒప్పందపత్రముపై వ్రేలిముద్రలు వేసిరి. వారి ఓడ అట్లాసు 1834 నవంబరు 2వ తేదీన ఆ దీవిని చేరెను. నెలకు 5 రూపాయల జీతము. తిండి సామగ్రితో పాటు ఏటేట ఇచ్చు వస్తువుల పట్టిక ఆ పత్రములో నున్నది: ఒక్కొక్కరికి ఒక కంబళి, రెండు ధోవతులు, చీటీగుడ్డతో కుట్టిన ఒక మిర్జాయి, లస్కరులు పెట్టుకొను టోపీ ఒకటి, ఒక కొయ్యగిన్నె, నలుగురికి కలిపి ఒక ఇత్తడి చెంబు. మిర్జాయి యనగా కట్టుత్రాళ్ళు గల పొట్టి చొక్కా. అది కుట్టినదే కాని, ఎవని భుజము వెడల్పు ఎంతయో ఎవడును అడిగినట్లు ఆ పత్రములో కానరాదు. దుస్తులకు లెక్క యుండెను గాని కొలత లేకుండెను. యజమాని యెంచినదే రంగు, యజమాని యెంచినదే తీరు.

నేటాల్‌కు మొదటి ఓడ ట్రూరో మద్రాసునుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బను చేరెను. అందు తెలుగువారును ఉండిరి. అప్పటినుండి 1911 వరకు 1,52,184 మంది ఈ రేవున దిగిరి. ఎగ్రిమెంటు అను మాటయే వారి నోట గిర్మిటుగా మారెను. తొలి యేట పురుషునకు నెలకు 10 షిల్లింగుల జీతము. ఏటికొక షిల్లింగు పెరుగును. పని మానిన ఒక దినమునకు రెండు దినముల కూలి కోయు దురాచారమును తోటలలో నడచెను. తిరిగి పోయినవారు 1871లో మద్రాసులో మొరపెట్టుకొనగా, 1872లో నేటాల్ ప్రభుత్వము కూలీల స్థితిగతులను విచారించుటకు ఒక సంఘమును నియమించెను. ఈ జీతములో ఈ కోతలు పోగా దర్జీ కీయదగిన పైకము కూలివాని చేతిలో ఎంత మిగులునో చదువరులే ఊహింపవచ్చును.

ఇక్కడ దర్జీపనిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. అంగుళముల గీతలు గల కొలతనాడా పందొమ్మిదవ శతాబ్దారంభమున గాని వ్యాప్తికి రాలేదు. అంతకు పూర్వము ఐరోపాలోని దర్జీలు ఒక్కొక్క ఖాతాదారునకు ఒక్కొక్క కాగితపు పట్టీనో, తోలుపట్టీనో ఉంచి, అతని రొమ్ము, నడుము, చేయి ఎంతెంతయో ఆ పట్టీపై గంట్లుగా కోసికొనెడివారు. ఆ పట్టీ ఆ మనిషిదే, ఇంకొకనికి పనికిరాదు. ఇది ఒక విధము. రెండవ విధము, ఎవనిని కొలువకయే మొత్తముగా కుట్టి పెట్టు సిద్ధపు దుస్తులు. ఇవి మొదట ఓడ నావికులకును, సిపాయిలకును, అమెరికా తోటలలోని బానిసలకును తయారగుచుండెను. 1851లో ఐజాక్ సింగరు కుట్టుయంత్రమునకు పేటెంటు పొందెను. 1856 ప్రాంతమున ఆ కంపెనీ వాయిదాలపై యంత్రము నిచ్చు పద్ధతి ప్రారంభించెను. ఈ యంత్రము రెండు విధములకును తోడ్పడెను. మొత్తముగా కుట్టు కర్మాగారములు పెరిగెను. మూలనున్న చిన్న దర్జీయు నెలనెల కొంత కట్టి యంత్రమునకు యజమాని కాగలిగెను.

కొలిచి కుట్టిన దుస్తు, కొలువక ఇచ్చిన దుస్తు అను ఈ రెంటి నడుమ గల దూరమును తన యొంటిపైననే పరీక్షించుకొన్న మహాపురుషు డొకరు మన నేటాల్‌లో నివసించిరి. వారు గాంధీగారు. వారి ఆత్మకథలో దుస్తుల ప్రస్తావన పలుమార్లు వచ్చును. వానిని ఒక వరుసలో చూచిన చదువరి అరుదు.

1888లో పందొమ్మిదవ యేట గాంధీగారు చదువునకై ఇంగ్లండునకు పోయిరి. స్నేహితులు బొంబాయిలో అమర్చిన దుస్తులు వెంట నుండెను. అందు తెల్లని ఫ్లానెలు దుస్తును వారు దిగునాటికై ప్రత్యేకముగా దాచుకొనిరి. ఓడ చేరినది సెప్టెంబరు చివరి దినములలో నని వారే వ్రాసిరి. అది చలి మొదలగు కాలము. తీరమున తెల్లబట్టలతో నున్నది తామొక్కరే. సామానుల పెట్టెలు వేరొకచోటికి పోయెను. మరునాడు ఆదివారము గనుక మార్చుకొనుటకు వేరు దుస్తులును దొరకలేదు. ఒక దేశపు దర్జీకి ఇంకొక దేశపు వాతావరణము తెలియదన్న సంగతిని వారిట్లు మొదటనే అనుభవించిరి.

పిమ్మట బొంబాయి తీరున కుట్టిన దుస్తులు అక్కడి సమాజమునకు తగవని తలచి, ఆర్మీ అండ్ నేవీ స్టోర్సులో క్రొత్తవి తీసికొనిరి. 19 షిల్లింగులు పెట్టి పొడవైన టోపీ కొనిరి. అంతటితో ఆగక బాండు వీథిలో 10 పౌనులు వ్యయపరచి సాయంకాలపు విందులకు తగిన సూటు కుట్టించుకొనిరి. ఆ పది పౌనులు వ్యర్థపరచితినని వారే వ్రాసికొనిరి. మేము ఇచ్చట ఒక చిన్న లెక్క వేసి చూచితిమి. 10 పౌనులనగా 200 షిల్లింగులు. నేటాల్‌లో తొలి యేటి గిర్మిటు కూలి నెలకు 10 షిల్లింగులు. అనగా ఆ సూటు వెల ఒక కూలివాని 20 నెలల జీతము. టోపీ ఒక్కటే రెండు నెలల జీతమునకు ఒక షిల్లింగు తక్కువ. గాంధీగారికి అప్పటికి ఈ కూలివాని సంగతి తెలియదు.

1893లో వారు డర్బనులో దిగిరి. ఫ్రాకు కోటును, వంగదేశపు పాగాను పోలిన తలపాగయు ధరించియుండిరి. మరికొన్ని దినములకు న్యాయస్థానమున మేజిస్ట్రేటు పాగా తీయుమనగా, తీయక వెలుపలికి వచ్చిరి. పాగా బదులు ఇంగ్లీషు టోపీ పెట్టినచో తగవు తీరునుగదా యని తలచినప్పుడు, ఆ టోపీతో మీరు హోటలు పరిచారకునివలె కనబడుదురని దాదా అబ్దుల్లా సేటు వారించెను. అట్టి టోపీలు పెట్టుకొను పరిచారకులలో పెక్కురు గిర్మిటుకు వచ్చినవారి సంతానమే. ఇచ్చటి భారతీయులలో పెద్ద వర్గము తమిళ, తెలుగు, ఉత్తరదేశ కూలీలదియే యని గాంధీగారు స్పష్టముగా వ్రాసిరి. బట్టను చూచి వర్తకుడెవడో, గుమాస్తా యెవడో, కూలి యెవడో తేల్చు ఊరు అప్పటి డర్బను.

1894లో బాలసుందరమను తమిళ కూలి వారి కార్యాలయమునకు వచ్చెను. చినిగిన బట్టలు, విరిగిన రెండు ముందు పళ్ళు, నెత్తురు కారు నోరు. యజమాని కొట్టిన దెబ్బలవి. తలగుడ్డ విప్పి చేత పట్టుకొని నిలిచెను. తెల్లవారి యెదుట అట్లే నిలువవలెనను అలవాటు కూలీలపై రుద్దబడియుండెను. గాంధీగారు ఆ గుడ్డను తలకు చుట్టుకొమ్మనిరి. అతడు సందేహించుచునే చుట్టుకొనెను గాని, అతని ముఖమున సంతోషము కనబడెనని వారు వ్రాసిరి. ఒక మూరెడు గుడ్డను తన తలపై నిలుపుకొనుటకు కూడ ఇంకొకరి అనుజ్ఞ కావలసిన కాలమది.

1896లో కుటుంబమును తీసికొని వచ్చునపుడు ఏ దుస్తులు వేయింపవలెనను ప్రశ్న పుట్టెను. పూర్తిగా ఇంగ్లీషు తీరు తగదని, నాగరికులని పేరుపొందిన పార్సీల తీరును ఎన్నుకొనిరి. కస్తూరిబాగారికి పార్సీ చీర, పిల్లలకు పార్సీ కోటు, లాగు. అందరికిని మేజోళ్ళు, బూట్లు. బూట్లు కాళ్ళను నొక్కెను, మేజోళ్ళు చెమటతో కంపుకొట్టెను. ఇంటి యజమాని మాటకు తక్కినవారు లోబడిరి. తోటలో యజమాని యెంచిన మిర్జాయికిని ఇంటిలో పెద్దవా డెంచిన బూటుకును భేదము కలదు. ఐనను ధరించువానిని అడుగకపోవుట రెంటను ఒక్కటియే. 1897 జనవరి 13న డర్బనులో తెల్లవారి గుంపు తమపై పడినప్పుడు, ఆశ్రయమిచ్చిన యింటినుండి గాంధీగారు భారతీయ పోలీసు జవాను వేషమున తప్పించుకొనిరి. తలపై లోహపు పళ్ళెము పెట్టి, శిరస్త్రాణమువలె కనబడునట్లు దానిచుట్టును మద్రాసు కండువా చుట్టుకొనిరి. మనవారి నిత్యపు తలగుడ్డ ఆనాడట్లు పనికివచ్చెను.

ఈలోగా 1895 చట్టము ననుసరించి గిర్మిటు ముగించుకొని యిచ్చటనే స్వేచ్ఛగా నిలిచినవారు ఏటికి 3 పౌనుల పన్ను కట్టవలసివచ్చెను. పిమ్మట 16 ఏండ్లు దాటిన మగపిల్లలకును, 13 ఏండ్లు దాటిన ఆడుపిల్లలకును ఇది వర్తించెను. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు గల కుటుంబమునకు 12 పౌనులు. మగవాని సంపాదన సగటున నెలకు 14 షిల్లింగులకు మించదని గాంధీగారు లెక్క చూపిరి. అనగా ఏటికి 8 పౌనుల 8 షిల్లింగులు. సంపాదనకంటె పన్నే యెక్కువ. ఇట్టి యింట పిల్లవానికి పండుగ చొక్కా యెట్లు కుట్టింతురు?

సత్యాగ్రహుల కుటుంబములకై 1910లో హెర్మన్ కాలెన్‌బాకు జోహాన్నెసుబర్గు సమీపమున ఇచ్చిన 1,100 ఎకరముల టాల్‌స్టాయి క్షేత్రమున గాంధీగారు దుస్తుల విషయము తిరిగి యోచించిరి. అందరును పనివారే గనుక పనివాని దుస్తులే ధరించిరి. ముతక నీలిగుడ్డతో చేసిన చవుక లాగులు, చొక్కాలు. జైలు దుస్తుల తీరువి. కుట్టుపని శాఖను స్త్రీలు చేపట్టిరి. 1913లో 3 పౌనుల పన్నుపై సమ్మె లేచెను. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్సువాలు సరిహద్దు దాటుటకు నడచిరి. ఆ నెలలోనే మౌంట్ ఎజ్‌కూంబు, ఎస్పెరాంజా తోటలలో కాల్పులు జరిగి మనవారు కొందరు ప్రాణములు కోల్పోయిరి. డిసెంబరులో జైలునుండి విడుదలై డర్బను సభకు వచ్చిన గాంధీగారు కోటులో లేరు. మీసము తీసివేసి, గిర్మిటు కూలి తీరున తెల్లని చొక్కా, లుంగీ ధరించి యుండిరి. అది మరణించినవారికై పాటించు శోకచిహ్నమని చెప్పిరి. 1914లో ఆ పన్ను రద్దయ్యెను.

ఈ కథనుబట్టి గాంధీగారు దర్జీకి విరోధి యని యెవరును తలంపరాదు. 1924లో యంత్రములను గూర్చిన సంభాషణలో, లోకమునకు మేలు చేసిన కొలది యంత్రములలో సింగరు కుట్టుయంత్రము ఒకటియని వారు ప్రశంసించిరి. భార్య చేతితో కుట్టుచు పడు శ్రమను చూడలేక సింగరు దానిని కల్పించెనని వారి నమ్మకము. మనిషి యంత్రమునకు లోబడరాదు, బట్ట మనిషి మర్యాదను నిర్ణయింపరాదు అనునదియే వారి మతము. 20 నెలల కూలి విలువగల సూటునుండి కూలివాని చొక్కాకు వారు వచ్చిన దారి పొడవైనది. మొదటిది లోకము కొరకు కుట్టించుకొన్నది, రెండవది తామే నిర్ణయించుకొన్నది.

మనవారును కాలక్రమమున తోటలు విడిచిరి. కాయగూరలు పండించిరి, చేపలు పట్టిరి, చేతిపనులు నేర్చిరి. డర్బను బట్టల కర్మాగారములలో వేలకొలది భారతీయులు, మొదట పురుషులు, పిమ్మట స్త్రీలును జీవనోపాధి పొందిరి. ఒకప్పటి గ్రే వీథి, నేటి డాక్టర్ యూసుఫ్ దాదూ వీథి ప్రాంతమున బట్టల అంగళ్ళు, కుట్టు దుకాణములు వెలసెను. 1950లో జాతులవారీ నివాసముల చట్టము వచ్చి, 1960 తరువాత కుటుంబములను చాట్స్‌వర్తు మొదలగు దూరప్రాంతములకు తరలించినప్పుడు, దుకాణమొకచోటను ఇల్లొకచోటను అయ్యెను. ఇంటనే ఒక కుట్టుయంత్రముతో ఇరుగుపొరుగువారికి రవికలు, పిల్లల గౌనులు కుట్టిన తల్లులు ఎందరో మన సమాజమున కలరు. పిల్లల చదువులకు ఆ పైకము అక్కరకు వచ్చినది.

ఇక నేడు దర్జీతో వ్యవహరించునపుడు మనమీ చరిత్రనుండి గ్రహింపదగినవి కొన్ని కలవు. మొదటిది, తీరు నిర్ణయించుట ధరించువాని పని. ఎచ్చట ధరింతుము, ఏ ఋతువులో ధరింతుము, క్రింద కూర్చుండి పూజ చేయుదుమా, నిలిచి విందులో పాల్గొందుమా యని మనము ముందుగా చెప్పిననే దర్జీ తగినట్లు కోయగలడు. రెండవది, కొలత మన యొద్దను ఉండవలెను. దర్జీ పుస్తకముననే గాక మన పుస్తకమునను వ్రాసికొనుట మంచిది. మన స్త్రీలు బాగుగా సరిపోయిన పాత రవికను ఆదిగా ఇచ్చు పద్ధతి తరతరాలది. భారతదేశమునకు పంపి కుట్టించుకొనువారికి దానిని మించినది లేదు. అంకెలు పంపువారు అంగుళములో సెంటీమీటర్లో స్పష్టముగా వ్రాయవలెను. ఈ దేశమున 1970 దశకమున మెట్రిక్ పద్ధతి నెలకొన్నది. కుట్టుపనివారిలో అంగుళము నేటికిని నిలిచియున్నది. ఒక అంగుళము 2.54 సెంటీమీటర్లు గదా.

మూడవది, నూలుబట్టను కోయుటకు ముందే నీటిలో తడిపి ఆరబెట్టవలెను. లేనిచో మొదటి ఉతుకులోనే కురుచనగును. ఎదుగు పిల్లల దుస్తులకు లోపలి మడతలో అదనపు గుడ్డ విడువుమని చెప్పవలెను. కోటు, షేర్వానీ వంటివానిని పచ్చికుట్లు వేసిన దశలోనే ఒకసారి వేసికొని చూడవలెను. పూర్తి కుట్టు పడిన పిమ్మట దిద్దుట కష్టము. కూలి, గడువు తేదీ, మిగిలిన గుడ్డ ఎవరిది అను మూడు సంగతులును కత్తెర పడకముందే మాటలాడుకొనవలెను.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. దర్జీయు కూలివాడే. దుస్తు చేతికి వచ్చిన పిమ్మట బేరమాడి కూలి తగ్గించుటయు, పండుగ ముందునాడు గుడ్డ పడవేసి తెల్లవారుసరికి కావలెననుటయు మనకు తగదు. ఒప్పుకొన్న కూలిని కోసిన యజమానుల క్రింద మన తాతముత్తాతలు బాధపడిరి. వారి సంతతివారమైన మనము ఇచ్చిన మాటను నిలుపుకొని, ఆలస్యము చేసిన దర్జీని ప్రశ్నించు హక్కును కూడ అప్పుడే న్యాయముగా ఉపయోగింతుముగాక. రానున్న పండుగకు క్రొత్త బట్టలు కుట్టించుకొనువారు కనీసము మూడు వారములకు ముందే దర్జీని దర్శించి, బయానా యిచ్చి, రసీదు తీసికొనవలసినదిగా మా మనవి.